క్లింగాన్‌లు, చెర, పరువు: తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖలో మేం కొందరం ఆదివారం సాయంత్రాలు ఎవరో ఒకరింట్లో చేరి స్టార్ ట్రెక్ చూస్తుంటాం. నేవీ ఇళ్లవాళ్లు, స్టీల్ ప్లాంట్ ఇళ్లవాళ్లు, యూనివర్సిటీ పిల్లలు అందరూ వస్తారు. క్లింగాన్ ఎపిసోడ్ పెట్టిన రోజు మాత్రం చర్చ తిరిగి తిరిగి ఒకే చోటికి వస్తుంది. శత్రువుకి చిక్కి ప్రాణాలతో మిగిలినవాడికి సొంత ఇంట్లో చోటు ఎందుకు ఉండదు? కొత్తవాళ్లు అడిగేవీ, పాతవాళ్లు మళ్లీ మళ్లీ లేవనెత్తేవీ ఇక్కడ ఒకచోట చేర్చాను. కథల్లోని మలుపులేవీ దాచలేదు. చూడకముందే తెలియకూడదనుకుంటే చివరి ప్రశ్న చదివి, ఆ ఎపిసోడ్లు చూసి రండి.

క్లింగాన్‌లంటే ఎవరు? నాకు ఓనమాలు కూడా తెలియవు.

స్టార్ ట్రెక్ అమెరికన్ టీవీలో 1966లో మొదలైంది. అందులో ఒక గ్రహాంతర యోధ జాతి క్లింగాన్‌లు. 1967లో తొలిసారి కనిపించినప్పుడు వాళ్లు కేవలం క్రూరులైన శత్రువులు, అంతే. పరువు, వంశం, వీరమరణం ఇవన్నీ తర్వాత వచ్చి చేరాయి. 1987లో మొదలైన ‘ద నెక్స్ట్ జనరేషన్’ అనే సిరీస్‌లో వర్ఫ్ అనే క్లింగాన్‌ని మనుషుల అంతరిక్ష ఓడలోనే అధికారిగా పెట్టారు. ఆ పాత్ర వేసింది మైకేల్ డోర్న్. వర్ఫ్ పసివాడిగా ఉన్నప్పుడు ఖిటోమర్ అనే స్థావరం మీద రోములన్‌లు అనే శత్రు జాతి దాడి చేస్తుంది. అమ్మానాన్నలు పోతారు, పిల్లవాణ్ణి ఒక మనిషి కుటుంబం పెంచుకుంటుంది. 1990 నుంచి రోనాల్డ్ డి. మూర్ రాసిన ఎపిసోడ్లతో క్లింగాన్ సమాజానికి ఒక పూర్తి రూపం వచ్చింది. వాళ్లకి సొంత భాష కూడా ఉంది. మార్క్ ఓక్రాండ్ అనే భాషాశాస్త్రవేత్త తయారుచేసిన నిఘంటువు 1985లోనే అచ్చయింది.

చెర గురించి వాళ్ల ఆచారం ఏమిటి?

యోధుడు ప్రాణాలతో శత్రువుకి చిక్కకూడదు. గెలవాలి, లేదంటే పోరాడుతూ పోవాలి. పోరులో పోయినవాడు స్టోవోకోర్‌కి వెళ్తాడు. మన పాత కథల్లోని వీరస్వర్గం లాంటిదే. పరువు పోగొట్టుకుని చచ్చినవాణ్ణి ఒక పడవ ఎక్కించి గ్రెథోర్ అనే నరకానికి తీసుకుపోతారు. చిక్కినవాడి మచ్చ వాడితో ఆగదు, కొడుకులకీ మనవళ్లకీ అంటుతుంది.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఈ ఆచారం వల్ల ఇంట్లో ఎదురుచూసేవాళ్లకి ‘మీవాడు పోయాడు’ అన్న కబురే శుభవార్త అయిపోతుంది. ‘బతికే ఉన్నాడు’ అన్న మాట వింటే గుండె జారిపోతుంది. వర్ఫ్‌కి అదే జరుగుతుంది. నీ తండ్రి మోగ్ ఖిటోమర్‌లో చనిపోలేదు, ఇన్నేళ్లుగా రోములన్‌ల చెరలో ఉన్నాడు అని ఒక సమాచారం అమ్ముకునే వ్యాపారి వచ్చి చెబితే, వర్ఫ్ సంతోషించడు. వాడి మీద విరుచుకుపడతాడు. తండ్రి బతికున్నాడన్న మాట కొడుకు చెవికి తిట్టులా వినిపించే చోట ఏదో పెద్ద తప్పు ఉందని నాకు ఆ సీన్ చూసిన ప్రతిసారీ అనిపిస్తుంది.

ఒకడు చిక్కితే ఇంటిల్లిపాదీ తల దించుకోవడం ఎందుకు?

క్లింగాన్ సమాజం వంశాల మీద నిలబడింది. మనిషికి ఇల్లు పేరే గుర్తింపు. భూమి, పదవి, సభలో కుర్చీ అన్నీ వంశానివే, ఒక మనిషివి కావు. వంశానికి వచ్చిన కీర్తిలో అందరికీ వాటా ఉన్నప్పుడు అపకీర్తిలోనూ ఉండాలన్నది వాళ్ల లెక్క.

ఇది ఎంత దూరం పోతుందో 1990లో వచ్చిన ‘సిన్స్ ఆఫ్ ద ఫాదర్’ చూపిస్తుంది. మోగ్ ఖిటోమర్‌లో రోములన్‌లకి అమ్ముడుపోయాడని నింద పడుతుంది. అసలు ద్రోహి వేరేవాడు. కానీ ఆ ద్రోహి కొడుకు డురాస్‌ది బలమైన వంశం, నిజం బయటపడితే సామ్రాజ్యమే రెండుగా చీలిపోతుంది. అందుకని వర్ఫ్ చేయని తప్పు నెత్తిన వేసుకుంటాడు. అప్పుడు సభలో పెద్దలు చేతులు అడ్డంగా కట్టుకుని ఒకరి తర్వాత ఒకరు అతనికి వీపు తిప్పుతారు. ఎవరూ ఒక్క మాట అనరు. అతని సొంత తమ్ముడు కెర్న్, తను ఆ వంశంవాడని బయటపడకుండా ఉండడానికి, అందరితోపాటు వీపు తిప్పాల్సి వస్తుంది. మన పల్లెల్లో వెలివేయడం గురించి విన్నవాళ్లకి ఆ సీన్ ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. నిప్పు ఇవ్వరు, నీళ్లు ఇవ్వరు, పలకరించరు. మనిషి అక్కడే ఉంటాడు, లేనట్టే లెక్క.

ఈ భారం కిందకే కాదు, పైకి కూడా పాకుతుంది. 1999లో వచ్చిన ఒక కథలో బెలానా అనే అమ్మాయి తన క్లింగాన్ పద్ధతులన్నీ వదిలేసుకున్నందుకు తల్లి మిరాల్ గ్రెథోర్ పడవ ఎక్కాల్సి వస్తుంది. కూతురి నడవడికి తల్లి పరలోకం పోగొట్టుకోవడం. ఆ ఎపిసోడ్ పెట్టిన రోజు మా బృందంలో ఆడవాళ్లెవరూ దాన్ని గ్రహాంతర కథగా చూడలేదు.

స్పృహ తప్పినప్పుడు పట్టుకుంటే? అది వాడి తప్పెలా అవుతుంది?

అందరూ అడిగే ప్రశ్న ఇదే. అడగాల్సిన ప్రశ్న కూడా ఇదే.

1993లో వచ్చిన ‘బర్త్‌రైట్’ రెండు భాగాలూ దీని చుట్టూనే తిరుగుతాయి. వర్ఫ్ తండ్రిని వెతుక్కుంటూ ఒక మారుమూల గ్రహానికి వెళ్తాడు. అక్కడ తండ్రి లేడు. ఆయన నిజంగానే పోరాడుతూ పోయాడు. కానీ ఖిటోమర్‌లో చిక్కిన మిగతావాళ్లు ఉన్నారు. వాళ్లలో మోగ్ స్నేహితుడు లకోర్ కూడా ఉన్నాడు. వాళ్లెవరూ చేతులెత్తి లొంగిపోలేదు. దాడిలో స్పృహ తప్పింది, కళ్లు తెరిచేసరికి సంకెళ్లు ఉన్నాయి. చద్దామన్నా శత్రువు చావనివ్వలేదు. వీళ్లని అడ్డం పెట్టుకుని బేరం చేద్దామని రోములన్‌లు చూస్తే, క్లింగాన్‌లు చిక్కడమన్నదే జరగదు పొమ్మని సొంత ప్రభుత్వమే కొట్టిపారేసింది. చివరికి టొకాత్ అనే రోములన్ అధికారి తన ఉద్యోగ భవిష్యత్తు వదులుకుని వాళ్ల కోసం ఈ శిబిరం పెట్టించాడు. చంపడం ఇష్టంలేక చేసిన పని అది.

అక్కడ ఇరవై ఏళ్లకు పైగా గడిచిపోయాయి. పెళ్లిళ్లయ్యాయి, పిల్లలు పుట్టారు. టొకాత్ కూడా గిరాల్ అనే క్లింగాన్ స్త్రీని పెళ్లాడాడు, వాళ్లకి బాయెల్ అనే కూతురు. గేట్లు తెరిచినా పెద్దవాళ్లు కదలరు. ఇంటికి వెళ్తే తమ పిల్లల నుదుట మచ్చ పడుతుందని వాళ్ల భయం. ‘వీరుడిగా పోయాడు’ అని ఇంటివాళ్లు అనుకుంటున్నారు కదా, అలాగే అనుకోనీ అన్నది వాళ్ల మాట. తన కొడుకు గనక వెతుక్కుంటూ వచ్చి ఉంటే, తనని అక్కడే చంపేసేంత క్లింగాన్‌గా ఉండాలని కోరుకునేవాణ్ణని లకోర్ అంటాడు. ఆ మాటలో కోపం లేదు, ప్రేమ ఉంది. ఒక తండ్రి చేత ప్రేమతో అలాంటి మాట అనిపించిందంటే ఆ ఆచారం ఎంత లోపలికి దిగిపోయిందో చూడండి.

ఈ కథలో నాకు బాగా గుర్తుండిపోయింది ఒక చిన్న వస్తువు. శిబిరంలో పుట్టిన కుర్రాడు టోక్‌కి, యుద్ధంలో వాడే ఈటె తోటలో మట్టి తవ్వే పనిముట్టుగానే తెలుసు. అదేమిటో వర్ఫ్ చేతిలోకి తీసుకుని చూపించేదాకా ఆ పిల్లవాడికి తన చేతుల్లో ఉన్నది ఆయుధమని తెలియదు. పెద్దవాళ్లు సిగ్గుతో నోరు కట్టేసుకుంటే పిల్లలకి చరిత్రే అందకుండా పోతుంది. వర్ఫ్ వాళ్లకి పాత కథలు చెబుతాడు, వేట నేర్పుతాడు. చివరికి ఇదంతా ఆపడానికి టొకాత్ వర్ఫ్‌ని కాల్చడానికి నిలబెట్టినప్పుడు టోక్ వచ్చి పక్కన నిలబడతాడు, ఆ వెనుకే మిగతా పిల్లలూ వస్తారు.

పిల్లలు బయటికి వస్తారు, పెద్దలు అక్కడే ఉండిపోతారు. వర్ఫ్ తన కెప్టెన్‌తో, చెరసాల అంటూ ఏదీ లేదు, ఈ పిల్లలు కూలిపోయిన ఓడలోనుంచి బయటపడినవాళ్లు, ఖిటోమర్‌లో చిక్కినవాళ్లెవరూ లేరు అని చెబుతాడు. కెప్టెన్‌కి అర్థమవుతుంది, ఇంకేమీ అడగడు. ఆచారాన్ని ఎదిరించలేక అబద్ధంతో పక్కకి తప్పించాడు వర్ఫ్. దీన్ని కొందరు గొప్ప త్యాగమంటారు. నాకు మాత్రం కడుపు మండుతుంది. లకోర్ లాంటివాడు ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చోగలిగితే కదా న్యాయం.

ఇదంతా కథ కాబట్టి అలా రాశారు. నిజంగా మనుషులు ఇలా ప్రవర్తిస్తారా?

ప్రవర్తించారు. 1941 జనవరిలో జపాన్ సైన్యం తన సైనికులకి ఒక నియమావళి ఇచ్చింది. బందీగా బతికి అవమానం పాలవ్వొద్దన్నది అందులో ఒక ఆదేశం. అదే ఏడాది డిసెంబరులో పెర్ల్ హార్బర్ మీద దాడికి ఐదు బుల్లి సబ్‌మెరైన్లు వెళ్లాయి, ఒక్కోదాంట్లో ఇద్దరు. పదిమందిలో తొమ్మిదిమంది పోయారు. పదోవాడు కజువో సకమాకి. అతని సబ్‌మెరైన్ దారి తప్పి నీటి అడుగున దిబ్బకి తగులుకుంది. ఈదుకుంటూ బయటపడి, స్పృహ తప్పి ఒడ్డుకి కొట్టుకొచ్చాడు. కళ్లు తెరిచేసరికి ఎదురుగా అమెరికన్ సైనికుడు. ఆ యుద్ధంలో అమెరికాకి చిక్కిన తొలి జపాన్ బందీ అతనే. తనని చంపేయమని అడిగాడు, వాళ్లు చంపలేదు.

జపాన్‌లో ఆ తొమ్మిదిమందినీ యుద్ధ దేవుళ్లన్నారు, బొమ్మలు వేశారు. పదోవాడి ఊసే లేదు. వెళ్లింది పదిమంది అన్న సంగతే లెక్కలోంచి జారిపోయింది. యుద్ధమయ్యాక సకమాకి ఇంటికి వెళ్లాడు, టొయోటా కంపెనీలో పనిచేశాడు, బ్రెజిల్‌లో ఆ కంపెనీ శాఖకి పెద్ద అయ్యాడు, 1999లో పోయాడు. లకోర్‌కి దొరకని బతుకు అతనికి దొరికింది.

మా బీచ్ రోడ్డులో కుర్సురా సబ్‌మెరైన్ ఉంది కదా. 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో పనిచేసి, ఇప్పుడు మ్యూజియంగా ఒడ్డున నిలబడింది. లోపల మనిషి పక్కకి తిరిగి నడవాల్సినంత ఇరుకు. సకమాకి ఎక్కినది దానికంటే ఎంతో చిన్నది. అలాంటి డబ్బాలో శత్రువు రేవు దాకా వెళ్లినవాణ్ణి పిరికివాడని ఎవరైనా ఎలా అనగలరు?

బొబ్బిలి యుద్ధంలో జరిగింది కూడా ఇలాంటిదే కదా?

విశాఖలో ఈ ప్రశ్న రాకుండా ఉండదు. బొబ్బిలి మనకి దగ్గర, బుర్రకథ వినని ఇల్లు లేదు. 1757 జనవరి 24న విజయనగరం పూసపాటి విజయరామరాజు, ఫ్రెంచి సేనాని బుస్సీ కలిసి కోటని ముట్టడించారు. కోట నిలవదని తేలిపోయాక, ఆడవాళ్లూ పిల్లలూ శత్రువు చేతికి చిక్కకూడదని తమవాళ్లే వాళ్ల ప్రాణాలు తీశారు. రంగారావు పోరులో పోయాడు. తర్వాత తాండ్ర పాపారాయుడు రాత్రివేళ శిబిరంలోకి చొరబడి విజయరామరాజుని చంపి పగ తీర్చుకున్నాడు.

క్లింగాన్ పద్ధతికీ దీనికీ దగ్గర పోలిక ఉంది, తేడా కూడా ఉంది. క్లింగాన్ నియమం యోధుడికి. బొబ్బిలిలో ఆయుధం పట్టనివాళ్ల తరఫున కూడా ఆ నిర్ణయం జరిగిపోయింది. చిక్కితే ఆడవాళ్లకి ఏమవుతుందో అన్న భయం ఆనాటి యుద్ధాల్లో ఊరికే పుట్టింది కాదు, అది ఒప్పుకోవాలి. కానీ ఇంకొకటి కూడా చెప్పుకోవాలి. ఆ మారణహోమంలోంచి రంగారావు పసికొడుకు ప్రాణాలతో బయటపడ్డాడు. బొబ్బిలి వంశం మళ్లీ నిలబడింది ఆ బతికిన బిడ్డ వల్లే. బుర్రకథలో మనం పాపారాయుడి దగ్గర చప్పట్లు కొడతాం. ఆ పిల్లవాణ్ణి మోసుకొచ్చిన చేతుల దగ్గర కూడా ఒక్క నిమిషం ఆగితే బాగుంటుంది.

అల్లూరి సీతారామరాజు సంగతి కూడా కొందరు తెస్తారు. 1924 మే 7న ఆయన్ని పట్టుకుని కొయ్యూరు దగ్గర చెట్టుకి కట్టేసి కాల్చి చంపారు. ఆయన శత్రువుకి చిక్కాడన్న మాట మన నోట మచ్చలా రాదు. కట్టేసినవాడి చేతికే ఆ మచ్చ అంటుకుంది. ఆ ఏజెన్సీ జిల్లాకి ఇవాళ ఆయన పేరే పెట్టుకున్నాం. మన దగ్గరే రెండు పద్ధతులూ ఉన్నాయన్నమాట.

సీతమ్మ కథతో పోల్చవచ్చా?

పోల్చకుండా ఉండలేం. పుట్టింది మొదలు మనకి తెలిసిన చెర లంకలోని చెరే. తప్పేమీ చేయని మనిషి, తన ఇష్టం లేకుండా ఎత్తుకుపోబడిన మనిషి, తిరిగి వచ్చాక నిప్పుల్లో నడవాల్సి రావడం. ఆ తర్వాత కూడా ఊళ్లో ఎవరో ఏదో అన్నారని అడవికి వెళ్లాల్సి రావడం. శత్రువు దగ్గర ఉన్నంతకాలం ఆమె గడ్డిపోచని అడ్డం పెట్టుకుని తన మాట తను నిలబెట్టుకుంది. అక్కడ ఎవరూ ఆమెని ఓడించలేకపోయారు. పరీక్ష పెట్టింది సొంతవాళ్లు. లకోర్ భయపడింది కూడా సరిగ్గా దీనికే, రోములన్‌లకి కాదు.

మా బృందంలో ఒక పెద్దావిడ ఉన్నారు, స్టార్ ట్రెక్ మీద పెద్దగా ఆసక్తి లేదు, మనవడి కోసం వస్తారు. ‘బర్త్‌రైట్’ అయ్యాక ఆవిడ అన్నది ఒక్కటే మాట: “ఆళ్లకి కూడా చాకలోడి మాట పట్టుకునే రాజులే దొరికారన్నమాట.” దానికి జవాబు చెప్పగలిగినవాళ్లెవరూ ఆ గదిలో లేరు.

తమకి చిక్కిన శత్రువులని క్లింగాన్‌లు ఎలా చూస్తారు?

దారుణంగా. రురా పెంతే అనే మంచుగడ్డ లాంటి చోట ఖైదీల చేత గనులు తవ్విస్తారు. 1991 నాటి సినిమాలో అక్కడ కాపలా బురుజులు కూడా కనిపించవు, పారిపోతే చలే చంపేస్తుంది. 2017లో వచ్చిన ఒక ఎపిసోడ్‌లో క్లింగాన్ ఖైదు ఓడలో కాపలావాళ్లు, దెబ్బలు నువ్వు తింటావా నీ పక్కవాడు తినాలా తేల్చుకో అని బందీల చేతనే చెప్పిస్తారు. చిక్కినవాడికి విలువ లేదని నమ్మే జాతి, చేతికి చిక్కినవాణ్ణి మనిషిలా ఎందుకు చూస్తుంది? ఒకదానికొకటి తగులుకుని ఉన్న సంగతులివి.

చావు దగ్గర ఆకాశం వైపు చూసి అరవడం ఏమిటి? దానికీ చెరకీ సంబంధం ఉందా?

ఉంది. 1988లో వచ్చిన ‘హార్ట్ ఆఫ్ గ్లోరీ’లో తొలిసారి ఆ తంతు చూస్తాం. చనిపోతున్నవాడి కనురెప్పలు వేళ్లతో విప్పి పట్టుకుని కళ్లలోకి చూస్తారు. ప్రాణం పోగానే తలలు పైకెత్తి గొంతు చించుకుని అరుస్తారు. ఒక యోధుడు వస్తున్నాడు జాగ్రత్త అని పైనున్న చనిపోయినవాళ్లని హెచ్చరించడం అది. ఆ తర్వాత శవం మీద వాళ్లకి ఏ మమకారమూ ఉండదు, ఖాళీ గుల్ల అంటారు.

అదే కథలో కొరిస్, కొన్మెల్ అనే ఇద్దరు తిరుగుబాటుదార్లని సొంత సామ్రాజ్యమే శిక్షించడానికి వెనక్కి రమ్మంటుంది. కట్టేసి చంపొద్దు, ఏదైనా క్రూరమైన గ్రహం మీద వదిలేయండి, కాళ్ల మీద నిలబడి పోనివ్వండి అని వర్ఫ్ వాళ్ల తరఫున బతిమాలతాడు. క్లింగాన్ కమాండర్ లోపల్లోపల మెత్తబడతాడు కూడా. కానీ వాళ్లు ఆగరు. బట్టల్లో, బూట్లలో దాచుకున్న చిన్నచిన్న ముక్కలు తీసి ఒకదానికొకటి తగిలించి తుపాకీ చేసుకుని గది బద్దలుకొట్టుకుని వస్తారు. ఆ ముక్కలు కలిపే సీన్‌లో మాటలు ఉండవు, చూస్తున్నవాళ్లకి మాత్రం ఒకటే టెన్షన్. చివరికి కొరిస్‌ని వర్ఫే కాల్చాల్సి వస్తుంది. కాల్చి, అతని కళ్లు తెరిచి పట్టుకుని తనే ఆ అరుపు అరుస్తాడు. బందీగా కాకుండా యోధుడిగా పంపించాడు.

చెరలో ఉంటూనే పరువు నిలబెట్టుకున్నవాళ్లు లేరా?

వర్ఫే ఉన్నాడు. 1997లో ‘డీప్ స్పేస్ నైన్’ అనే సిరీస్‌లో వచ్చిన రెండు భాగాల కథ ఇది. వర్ఫ్ డొమినియన్ అనే శత్రువుల ఖైదులో పడతాడు. అక్కడి సైనికులు జెమ్ హదార్‌లు క్లింగాన్ కుస్తీ నేర్చుకోవడానికి బందీలని వాడుకుంటుంటారు. రోజుకొకడు బరిలోకి దిగుతాడు. వర్ఫ్ గెలుస్తాడు, మర్నాడు ఇంకా బలమైనవాడు వస్తాడు, దెబ్బలు మానడానికి వ్యవధి లేదు. ఆఖరికి వాళ్ల నాయకుడు ఇకటికా వస్తాడు. వర్ఫ్‌కి పక్కటెముకలు విరిగాయి, పడతాడు, లేస్తాడు. మళ్లీ పడతాడు, మళ్లీ లేస్తాడు. ఇక చాలు, లేవొద్దు, నీ పరువుకేం లోటు రాలేదని పక్కనున్న తోటి బందీ, క్లింగాన్ సేనాని మార్టోకే చెబుతాడు. అయినా లేస్తాడు. అప్పుడు ఇకటికా చేయి దించేస్తాడు. వీణ్ణి చంపగలనేమో గానీ ఓడించలేను అని ఒప్పుకుంటాడు. ఆ మాట అన్నందుకు ఇకటికా ప్రాణం పోతుంది. తన పై అధికారే కాల్చమంటాడు.

ఇక్కడ పరువు ఎక్కడుందో చూడండి. చిక్కాడా లేదా అన్నదాంట్లో లేదు, చిక్కాక ఎలా ఉన్నాడన్నదాంట్లో ఉంది. ‘బర్త్‌రైట్’కీ దీనికీ మధ్య నాలుగేళ్లే, కానీ రాసేవాళ్ల చూపు మారింది.

మార్టోక్ కూడా బందీయే కదా, మరి అతను ఎలా అంత పైకి వెళ్లాడు?

ఇంతమందిలో నాకు బాగా ఇష్టమైన పాత్ర మార్టోక్. వేసింది జె. జి. హెర్ట్జ్‌లర్. మార్టోక్‌ని శత్రువులు పట్టుకుపోయి, అతని స్థానంలో రూపం మార్చుకునే శత్రువుని కూర్చోబెట్టారు. అసలు మార్టోక్ రెండేళ్లు ఖైదులో మగ్గాడు, ఇకటికాతో కుస్తీలో ఒక కన్ను పోయింది. పాత ఆచారం ప్రకారం ఇలాంటివాడి వంశం పేరు ఎత్తకూడదు.

బయటికొచ్చాక ఏమైందో చూపించిన ఎపిసోడ్ ‘సోల్జర్స్ ఆఫ్ ది ఎంపైర్’. మార్టోక్‌కి ఒక పాత ఓడ, గెలుపు మరిచిపోయిన సిబ్బంది ఇస్తారు. తప్పిపోయిన ఇంకో క్లింగాన్ ఓడని వెతకాలి. మార్టోక్ వెనకాడుతుంటాడు. శత్రువు కనబడితే పక్కకి తప్పుకోమంటాడు. ఓడలో గుసగుసలు, కొట్లాటలు. చెర శరీరంలోంచి బయటికి వచ్చింది, మనసులోంచి ఇంకా రాలేదు. ఇలా తిరిగి వచ్చినవాళ్లు ఇంట్లో ఉన్న కుటుంబాలకి దాన్ని చూడగానే తెలుస్తుంది. వర్ఫ్ అతన్ని అందరి ముందూ సవాలు చేస్తాడు, కత్తులు దూస్తారు. పోరు మధ్యలో మార్టోక్ కళ్లలో పాత నిప్పు కనబడగానే వర్ఫ్ కావాలనే కాచుకోకుండా దెబ్బ తిని ఓడిపోతాడు. మార్టోక్‌కి అది తర్వాత అర్థమవుతుంది. వర్ఫ్‌ని తన వంశంలోకి తీసుకుంటాడు.

1999లో వర్ఫ్ సామ్రాజ్యాన్ని ఏలే ఛాన్సలర్ గౌరాన్‌ని ద్వంద్వయుద్ధంలో చంపుతాడు, కుర్చీ తను ఎక్కకుండా మార్టోక్‌ని ఎక్కిస్తాడు. రెండేళ్లు చెరలో ఉన్నవాడు సామ్రాజ్యానికి పెద్ద! ఎవరూ వీపు తిప్పలేదు. ఎందుకంటే ఒకడు అతని పక్కన గట్టిగా నిలబడ్డాడు. లకోర్ పక్కన అలా నిలబడినవాడు లేకపోయాడు, నాకు కనిపించే తేడా అదొక్కటే.

నిజ జీవితంలో బందీల గురించి నియమాలు ఏం చెబుతాయి?

1949 నాటి మూడో జెనీవా ఒప్పందం యుద్ధఖైదీల గురించే. చిక్కినవాడు చెప్పి తీరాల్సింది పేరు, హోదా, పుట్టిన తేదీ, సర్వీసు నంబరు. అంతకుమించి చెప్పమని హింసించకూడదు, జనం ముందు పెట్టి అవమానించకూడదు, పోరు ముగిశాక ఇంటికి పంపాలి. చిక్కడం నేరమని గానీ సిగ్గని గానీ అందులో ఎక్కడా లేదు.

మన ఊరి పిల్లలకి 1971 యుద్ధం గురించి స్కూల్లోనే తెలుస్తుంది. పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ మన తీరం దగ్గరే మునిగింది, బీచ్ రోడ్డులో విజయ స్మారకం ఉంది. ఆ యుద్ధం చివర తూర్పు పాకిస్తాన్‌లో లొంగినవాళ్లు దాదాపు 93,000 మంది. వాళ్లని తర్వాత విడతలవారీగా ఇళ్లకి పంపించారు. 2019 ఫిబ్రవరి 27న అభినందన్ వర్ధమాన్ విమానం కూలి అవతలివాళ్లకి చిక్కితే, మార్చి 1న వాఘా దగ్గర దేశమంతా టీవీల ముందు కూర్చుని ఎదురుచూసింది. ఆయనకి వీర్ చక్ర ఇచ్చారు. ఆ రాత్రి ఆయన గేటు దాటి నడిచి వస్తుంటే ఎవరికైనా ‘ఎందుకు చిక్కావు’ అని అడగాలనిపించిందా? లకోర్ ఇంటివాళ్లు కూడా అలాగే గేటు దగ్గర నిలబడి ఉండాల్సింది.

తెలుగులో ఇలాంటి యోధ జాతిని కల్పించి కథ రాస్తున్నాను. ఏమైనా సలహా?

ముందు ఆ ఆచారం వల్ల ఎవరికి లాభమో తేల్చుకోండి. సిగ్గు ఊరికే పుట్టదు. బందీల మీద మచ్చ వేస్తే రాజుకి విడుదల కోసం బేరమాడే పని తప్పుతుంది, ఓటమికి జవాబు చెప్పే పనీ తప్పుతుంది. క్లింగాన్ ప్రభుత్వం ఖిటోమర్ బందీలని ఒప్పుకోకపోవడంలో ఈ సౌకర్యం కూడా ఉంది.

రెండోది, యోధుడి గురించి రాసినంతా ఇంట్లో మిగిలినవాళ్ల గురించి కూడా రాయండి. భార్య బొట్టు తీయాలా వద్దా, కొడుకు కర్మ చేయాలా వద్దా, కూతురి సంబంధం ఏమవుతుంది. చచ్చాడో బతికాడో తెలియని మనిషి ఇంట్లో అన్నం ఎలా వండుకుంటారో చూపిస్తే చాలు, మీ జాతి నిజమైపోతుంది. పేర్లు మాత్రం పలకడానికి వీలుగా పెట్టండి.

పిల్లలకి చూపించవచ్చా?

పదో తరగతి దాటినవాళ్లకి పర్వాలేదు, పక్కన పెద్దవాళ్లుంటే మంచిది. 1992లో వచ్చిన ‘ఎథిక్స్’ విషయంలో మాత్రం జాగ్రత్త. వెన్నెముక దెబ్బతిన్న వర్ఫ్ ఆచారం పేరుతో ప్రాణం తీసుకోవాలనుకుంటాడు, అందుకు సాయం చేయమంటాడు. కొడుకు చేత చేయించాల్సిన పని అని తెలిశాక ఆగిపోతాడు, చికిత్సకి ఒప్పుకుంటాడు, బతుకుతాడు. ఇంట్లో ఎవరైనా మనసు బాగోలేక ఉంటే దీన్ని పెట్టకండి. పెడితే చివరిదాకా చూడండి, మధ్యలో ఆపొద్దు.

ఏ వరుసలో చూడాలి?

‘హార్ట్ ఆఫ్ గ్లోరీ’ (1988)తో మొదలుపెట్టండి, కొంచెం పాతగా అనిపించినా ఓపిక పట్టండి. తర్వాత ‘సిన్స్ ఆఫ్ ద ఫాదర్’ (1990). ఆ పైన ‘బర్త్‌రైట్’ రెండు భాగాలూ ఒకేసారి కూర్చుని చూసేయండి. మొదటి భాగంలో డేటా అనే యంత్రమనిషి కథ కూడా సమాంతరంగా నడుస్తుంది, అదీ తండ్రి గురించే, దాటేయకండి. ఆ తర్వాత ‘డీప్ స్పేస్ నైన్’లో ‘ఇన్ పర్గటరీస్ షాడో’, ‘బై ఇన్ఫెర్నోస్ లైట్’, వాటి వెనుకే ‘సోల్జర్స్ ఆఫ్ ది ఎంపైర్’. గౌరాన్‌తో పోరు ‘ట్యాకింగ్ ఇంటూ ద విండ్’ (1999)లో ఉంది, కానీ అది కూడా ఉన్న ఆ సీజన్ చివరి పది ఎపిసోడ్లూ వరుసగా చూస్తేనే రుచి. బెలానా తల్లి కథ ‘బార్జ్ ఆఫ్ ద డెడ్’ ఎప్పుడైనా చూసుకోవచ్చు, మిగతావాటితో పనిలేదు.